గోబ్లిన్ల దేవునికి కండ్లు పెట్టిన కథ

ఇయ్యాల మనవరాలితోని నిర్మల్ పోయిన. అది కాలేజీ దోస్తులతోని ఒక ఆట ఆడుతది. పాచికలేసి, కథ చెప్పుకుంట, గుహలల్ల దూరి గోబ్లిన్లనే పొట్టి రాక్షసులను సంపుడే ఆ ఆట. ఆ రాక్షసులకు గూడ ఒక దేవుడున్నడట. మనకు పొలిమేరకొక దేవత, అమ్మవారు పోస్తే ఒక దేవత ఉన్నప్పుడు, పాపం వాళ్లకు ఒక్కడన్న ఉండొద్దా! సాయంత్రం ఆటకు ఆయన బొమ్మ కావాలె.

నిర్మల్ల బొమ్మలు చేసే పెద్దాయన, మేం పోయేసరికి అంతా రంగులేసిండు గని కండ్లు పెట్టలే. కుంచె పట్టుకొని అడిగిండు: "ఈయనకు ఏమని మొక్కుతరు బిడ్డా?"

"యుద్ధానికి దేవుడు తాతా. ఆట పుస్తకంల గంతే ఉన్నది."

"అది ఆయన కొలువు. మొక్కెటోళ్లు ఏమడుగుతరు? అది తెల్వకుంటే చూపు ఎట్ల పెట్టాలె?"

మనవరాలు కండ్లు లేని ఆ బొమ్మ మొఖం దిక్కు చూసింది. "మా గుహలకు ఇయ్యాల ఎవ్వరు రావొద్దు, మా పిల్లలు సల్లగుండాలె అని అడుగుతరు కావచ్చు."

పెద్దాయన తలూపి రెండు కండ్లు పెట్టిండు. అచ్చం మా ఊరి పోచమ్మ చూపు.

బస్సుల బొమ్మను ఒళ్లె పెట్టుకొని కూసున్న పిల్ల, ఇంటికి రాంగనే దోస్తులకు ఫోన్ చేసింది: "ఇయ్యాల గుహలకు పోవుడు లేదు, వేరే తొవ్వ చూద్దాం."

బొమ్మ ఇప్పుడు మా దేవునర్రల ఉన్నది. ఈయన కోడిని తింటడా, కొబ్బరికాయ సాల్తదా అని మా ఇంటామె అడుగుతున్నది. పుస్తకంల అది రాయలే. తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.