తొమ్మిది సెకన్ల ఆలస్యం

"...అంటే రైల్వే వర్క్‌షాప్ సైరన్నే తప్పంతావా? ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఇంటింటా దాన్ని నమ్మే పొయ్యి ముట్టిస్తారు."

"సైరన్ని నేనేటీ అన్లేదు అన్నయ్యా. నీ కంప్యూటర్నే అన్నాను."

సూసన్నకూ అన్న కృపారావుకూ వారంగా ఇదే వాదన. 1996లో ఆమె ఖరగ్‌పూర్‌లోని మలంచాలో పిల్లలకు కంప్యూటర్ నేర్పేది. అదే రోడ్డులో అతనిది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. ఏడు ఊళ్లలో ఏడుగురు, జీతం లేకుండా, తలా ఒక కంప్యూటరును ఫోను లైనుకు తగిలించి ఉంచారు. ఎవరి కంప్యూటరైనా వాటికి ఫోను చేసి టైము సరిచేసుకోవచ్చు. ఖరగ్‌పూర్‌ది కృపారావు పెట్టింది. ఆ ఏడూ సరైన టైము ఇస్తున్నాయో లేదో కనిపెట్టేది సూసన్న. అదీ జీతం లేని పనే.

రోజూ సాయంత్రం నాలుగింటికి, రేడియోతో సరిచూసిన గడియారం ముందు పెట్టుకుని ఏడింటికీ ఫోను కలిపేది. తేడా నోటుబుక్కులో రాసేది. వరసగా పది రోజులు తేడా రెండు సెకన్లు దాటితే, శనివారం అందరికీ పంపే నమ్మదగ్గ కంప్యూటర్ల జాబితాలో ఆ పేరు ఉండదు. ఆ నియమం ఆమె పెట్టిందే.

నాలుగు గంటల అలవాటు తండ్రి తీతుది. ఆయన నిమ్‌పురా రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసినప్పుడు ఆ వేళకే కంట్రోల్ ఫోనులో టైము చెప్పేవారు. గడియారం ఎంత తప్పిందో పుస్తకంలో రాశాకే ఆయన ముల్లు ముట్టుకునేవాడు.

కృపారావు కంప్యూటరు రోజూ తొమ్మిది సెకన్లు వెనకే. పొద్దున సైరన్ వినబడగానే అతను మీట నొక్కి టైము పెడతాడు. సూసన్న సైకిలు బుట్టలో రేడియో పెట్టుకుని ఒక రోజు వర్క్‌షాప్ గేటు దగ్గర నిలబడింది. సైరనూ రేడియో గంటలూ కలిసే మోగాయి. మర్నాడు దుకాణం ముందు నిలబడింది.

"వర్క్‌షాప్ నుంచి నీ దుకాణానికి మూడు కిలోమీటర్లు. ఆ మోత నీ సెవిలో పడీసరికి తొమ్మిది సెకన్లు" అంది ఇప్పుడు.

"తొమ్మిది సెకన్లకి ఎవుడి బండి తప్పిపోనాదే?"

వరండాలో తీతు పేపరు దించాడు. "తొమ్మిది సెకన్లకే ఇంత గొడవేట్రా. మీ అమ్మ గుడికి బయల్దేరడానికి అరగంట."

కృపారావు నవ్వి, గొంతు తగ్గించాడు. "రేపట్నుంచి రేడియో పెట్టే సరిసేస్తాను. ఆ పాత రోజులు కొట్టీసి సున్నాలెయ్యి. 'సరైన టైము ఇక్కడ' అని మూడు భాషల్లో బోర్డు రాయించినాను, సూసీ."

"బోర్డు నేను రాయించమన్లేదు."

"నాన్నా, నువ్వైనా సెప్పు."

"ఏటి సెప్తాను? తప్పు రాశాకే ముల్లు ముట్టమని దానికి నేర్పినోణ్ని నేనే."

"నా పేరు తీసేస్తే జాబితాలో ఖరగ్‌పూరే ఉండదు. ఊరి పరువది."

"ఊరి పరువు కోసం నేను సున్నాలెయ్యను."

ఆ రోజు శుక్రవారం. సూసన్న నోటుబుక్కు తెరిచి, అన్న చూస్తుండగానే పదో రోజు గడిలో తొమ్మిది వేసింది.

"రేపటి జాబితాలో ఆరే ఉంటాయన్నయ్యా."