ఇల్లుమోటారులో అమ్మవారి బల్బు

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, సైన్యం వదిలిపోయిన సరుకు బెజవాడలో వేలానికి వచ్చింది. బూట్లు, గుడారాలు, తాళ్లు, లారీలు. అవసరమున్నవాడు కొనలేకపోయాడు, అవసరం లేనివాడు కొనక మానలేదు. మా మేనమామ ఈ రెండవ తెగవాడు. బట్టల కొట్టు యజమాని. నేతచీర అంచును వేళ్లతో తడిమి నూలు గుణం చెప్పగల ప్రాజ్ఞుడు. ఆ ఒక్క ప్రజ్ఞతో సమస్త పదార్థాల తత్త్వమూ తనకు కరతలామలకమని నమ్మే దౌర్భాగ్యం కూడా ఆయనకు అబ్బింది. నేనప్పుడు సంస్కృతం చదువుకుంటూ ఆయన ఇంటనే ఉండేవాణ్ణి.

ఆయన కొన్నది క్షతగాత్రులను మోసి మోసి అలసిన పాత మోటారు. ఒక కంట్రాక్టరు దానిని వేలంలో చేజిక్కించుకొని, లోపల పడకా, అలమరా, వంటగూడూ బిగించి, దీపాలూ పంకా అమర్చి, ఇల్లుమోటారని నామకరణం చేసి మామయ్యకు అంటగట్టాడు. కొనడానికి ఆయన చెప్పిన కారణం మాత్రం కాదనరానిది. మా అమ్మమ్మకు తుంటి విరిగి కూర్చునే శక్తి పోయింది. ఉయ్యూరులో ఆమె అక్కగారు మంచాన పడి, చెల్లెల్ని ఒక్కసారి చూపించమని కబురు మీద కబురు పంపుతున్నారు. బొగ్గుగ్యాసుతో నడిచే బస్సులో పడుకొని వెళ్లే వీలెక్కడ? ఈ మోటారులో పడక ఉన్నది.

కంట్రాక్టరు వేయించిన తీగలన్నీ ఒకే ఎర్రరంగువి. ఏది ఎక్కడ పుట్టి ఎక్కడ లీనమవుతున్నదో వేయించిన ఆ మహానుభావుడికీ తెలియదు. మామయ్య కుదుర్చుకున్న మాజీ సిపాయి డ్రైవరునడిగితే బర్మా సరిహద్దులో తాను చూపిన సాహసాలు చెప్పాడు. చివరకు నేనే పడక కింద దూరి, తీగ వెంట తీగ పట్టుకొని పోయాను. అన్నీ ఒకే బ్యాటరీకి చేరాయి. ఇంజను తిరిగినంతసేపే డైనమో దానిని నింపుతుంది. ఇంజను ఆగితే ఇక ఖర్చే గాని జమ లేదు. పైగా ఇంజనులో పెట్రోలును మండించే నిప్పురవ్వకూ ఆ బ్యాటరీయే ఆధారం. గాదెలో వడ్లు పోసే కాలమూ తీసే కాలమూ ఎరిగిన వాళ్లెవరికైనా బోధపడే సంగతి ఇది. మామయ్యకు బోధపడలేదు.

"ఆవు పాలిస్తే ఆవు తరుగుతుందట్రా? నీ సమాసాలు నువ్వు చూసుకో, కరెంటు సంగతి నాకొదిలెయ్" అన్నాడు.

ఆవుకు మేత కావాలన్న విషయం ఆ ఉపమానకర్తకు స్ఫురించలేదు.

అత్తయ్య అలమరా పై అరలో అమ్మవారి పటం నిలిపింది. మామయ్య దాని మీద ఒక బల్బు వేయించాడు. శుక్రవారం సాయంకాలం పురోహితుడు మోటారుకు పసుపు పూసి పూజ చేయించగా, ఆ బల్బు వెలిగించారు. శనివారం తూర్పు దిక్కుకు శూల గనుక ప్రయాణం ఆదివారానికి నిర్ణయమైంది. దేవుడి దీపాన్ని చేత్తో ఆర్పడం మా ఇంట లేదు. నూనె అయిపోయి తనంత తాను కొండెక్కవలసిందే. ఆ నియమం బల్బుకూ అన్వయించారు. ఇంజను ఆగి ఉండగా దీపం తీసెయ్యమని నేను అత్తయ్యను బతిమాలాను.

"శుక్రవారం పూట అమ్మవారి దీపం ఆర్పమంటావా, అబ్బాయ్? సంస్కృతం చదివింది ఇందుకా?"

శనివారం సాయంత్రానికి ఆ బల్బు ఎర్రబారింది. అమ్మవారు కుంకుమవర్ణంలో దర్శనమిచ్చిందని అత్తయ్య ఇరుగుపొరుగు ముత్తయిదువలను పిలిచి చూపించింది. మామయ్య పట్టుపంచె కట్టుకొని పక్కన నిలబడి, ఆ వర్ణం తానే వేయించినట్లు తల ఊపాడు.

ఆదివారం ఉదయం అమ్మమ్మను పరుపుతో సహా మోసి లోపల పడుకోబెట్టాం. డ్రైవరు మీట నొక్కాడు, ఇంజను ఉలకలేదు. హ్యాండిలు పెట్టి భుజాలు పడిపోయేదాకా తిప్పాడు, పలకలేదు. బట్టల వీధి వీధంతా గుమిగూడింది. డ్రైవరు పెట్రోలును నిందించాడు, మామయ్య డ్రైవరును నిందించాడు, పురోహితుడు రాహువును నిందించాడు. అంతకు ముందే బల్బు కొండెక్కింది. అది తనంత తానే ఆరినందుకు అత్తయ్యకు పరమ సంతృప్తి.

బ్యాటరీ అడుగంటిందని నేను చెప్పగా, దానిని ఛార్జింగుకు పంపి, మంచిరోజు చూసుకొని వెళదామనీ, అమ్మమ్మను దించమనీ మామయ్య ఆజ్ఞాపించాడు. మేం పరుపు పట్టుకోబోతుంటే ఆమె వద్దన్నది.

"దించితే మళ్లీ ఎక్కను. ముందు ఎడ్లను కట్టించరా."

"బందరు రోడ్డు మీద నా మోటారుకి ఎడ్లా? నలుగురూ నవ్వరా అమ్మా?"

"నవ్వనీ. నీ పరువు ఇక్కడ దించేసి రా. మా అక్క నీ మంచిరోజు దాకా ఆగుతుందో లేదో."

మామయ్య కొట్టుకు మనిషిని పంపాడు. బట్టల బేళ్లు మోసే బండి ఎడ్లను విప్పి తెచ్చి మోటారుకు కట్టారు. డ్రైవరు స్టీరింగు పట్టుకొని, ఎదురయ్యే ప్రతివాడూ నవ్వుతుంటే యుద్ధవీరుడిలా ముఖం బిగించుకున్నాడు. మామయ్య కిటికీల తెరలన్నీ దించుకొని, తిరగని పంకా కింద చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. మోటారు స్ప్రింగుల మీద అమ్మమ్మకు కుదుపు తెలియలేదు. ఆ యంత్రం చేసిన మేలు అదొక్కటే. కంకిపాడులో ఎడ్లను మార్చి, దీపాలు పెట్టేవేళకు ఉయ్యూరు చేరాం.

అక్కగారు బతికే ఉన్నారు. అమ్మమ్మను లోపలికి మోసుకుపోయి అక్కగారి మంచం పక్కనే మరో మంచం వేసి పడుకోబెట్టాం. చూపు మందగించిన ఆ పెద్దావిడ చెల్లెలి ముఖమంతా వేళ్లతో తడుముతున్నది. గడపలో నిలబడి మామయ్య, తమ మోటారు లోకంలోకెల్లా మేలైనదనీ, లోపమంతా డ్రైవరుదేననీ, కరెంటు స్వభావం మీబోటి పల్లెవాళ్లకు తెలియదనీ ఆ ఇంటివారికి ఉపన్యసిస్తున్నాడు.

"ఎవడే ఆ వాగేది?" అని అడిగారు అక్కగారు.

"నా కొడుకేలే అక్కా. కాసేపటికి వాడే ఊరుకుంటాడు. నీ చెయ్యి ఇటియ్యి."