వసంతక్క కలిపిన ముద్ద

2009లో మేము న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్ళం. మా కింది అపార్ట్‌మెంట్‌లో వసంతక్క కుటుంబం ఉండేది. ఆమె క్యాన్సర్ ఇక నయం కాదని డాక్టర్లు చెప్పేశారు. మందుల వల్ల నడక తడబడేది; వేళ్ళు మొద్దుబారి, పట్టుకున్న స్పూన్ కూడా జారిపోయేది. మేమంతా వంతులవారీగా వండి తీసుకెళ్ళి తినిపించేవాళ్ళం.

రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పడానికి ఒకరోజు ఇంటికొచ్చిన అమెరికన్ థెరపిస్టు, "మళ్ళీ మీ అంతట మీరు ఏం చేయాలనుంది?" అని అడిగింది. నడవాలంటుందనుకున్నాను. "పిల్లలకి ఆవకాయ అన్నం కలిపి ముద్దలు పెట్టాలి" అంది అక్క.

ఆనాటి నుంచి చపాతీ పిండి పిసకడం, బియ్యంలో కలిపిన శనగలు వేళ్ళతో ఏరడం మొదలయ్యాయి. చూడ్డానికే నాకు ఓపిక చాలేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం థెరపిస్టుతో సహా అందరినీ పిలిచింది అక్క. గిన్నెలో అన్నం పొగలు కక్కుతోంది. అక్క అందులోకి చెయ్యి చాపింది. ఆ వేళ్ళకి వేడి తెలీదు.

"అక్కా, ఆగు, చెయ్యి బర్న్ అయిపోద్ది" అంటూ లేచాను.

"నువ్వు కూర్చోవే. ఎలా చెక్ చేయాలో ఆవిడ నేర్పించింది" అంటూ మోచెయ్యి గిన్నెకి ఆనించింది. కాసేపాగి మళ్ళీ ఆనించింది. అప్పుడు ఆవకాయ, నెయ్యి వేసి, తన వేళ్ళనే చూసుకుంటూ మెల్లగా కలిపింది.

పిల్లలు వరసగా చేతులు చాపారు. చివర్లో థెరపిస్టు కూడా చాపింది. కారానికి కళ్ళ నీళ్ళు కారుతున్నా ఇంకో ముద్ద అడిగింది.

"ఉప్పు సరిపోయిందా?" అంది అక్క.

మరుసటి ఏడాది అక్క వెళ్ళిపోయింది. ఇప్పటికీ వేడన్నం కలపబోతే, ముందు నా మోచెయ్యి గిన్నె దగ్గరికి వెళ్తుంది.