పుర్రచేతి పిచర్

ఓడిపోవడం మా జట్టుకి వెన్నతో పెట్టిన విద్య. మా జట్టు అని ఇప్పుడు ఇంత ధీమాగా అంటున్నాను గాని, నిరుడు మే నెల దాకా మా కొత్త ఊళ్ళో ఒక బేస్‌బాల్ జట్టు ఉందనీ, జీతాలిచ్చి మరీ ఆడిస్తారనీ నాకు తెలియదు. మిస్సిసాగాలో మందుల కంపెనీ ఉద్యోగం చాలించి, రోజూ 401 హైవే మీద కారు నడిపే బాధ వదిలించుకుని, గ్వెల్ఫ్‌కి కాస్త అవతల ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నాం నేనూ మా ఆయనా. జట్టు చిన్నది కాబట్టి ఆటగాళ్ళకి హోటల్ గదులుండవు. సీజన్ అయ్యేదాకా ఊళ్ళోవాళ్ళే ఇళ్ళల్లో చోటిస్తారు. లైబ్రరీలో ఆ ప్రకటన చూసి, మేడ మీద గది ఊరికే పడి ఉంది కదా అని నేనే మా పేరు ఇచ్చి వచ్చాను. మా ఆయనకి క్రికెట్ తప్ప మరొకటి ఆట కాదు. డ్రా అన్నదే లేని ఆట ఏం ఆట అని ఆ పూటంతా గొణుగుతూనే ఉన్నారు.

మాకు వచ్చినవాడు ఎక్కడో తూర్పు తీరాన ఉన్న హాలిఫాక్స్ కుర్రాడు. తాటిచెట్టంత మనిషి, మాట మాత్రం మెత్తన. జట్టులో పిచర్, అంటే బంతి విసిరేవాడు. వాడు దిగిన రోజు శుక్రవారం కావడంతో చక్కెర పొంగలి చేసి నైవేద్యం పెట్టాను. ఇంట్లో అడుగుపెట్టిన మనిషికి ముందు ప్రసాదం ఇద్దామని వెళ్తే, పక్కనే మా ఆయన పట్టిన దోసిలి చూసి తనూ అలాగే పట్టబోయి, అంతలోనే ఎడమ చెయ్యి ఒక్కటీ చాచాడు.

"ఆ చెయ్యి కాదు బాబూ" అన్నారు మా ఆయన తెలుగులోనే, కంగారులో.

కుర్రాడు కుడి చెయ్యి పట్టాడు. పొంగలి సగం గచ్చు మీద పడింది. మా ఆయన ఇంగ్లీషులో మన ఆచారం అంతా వివరించి చెప్పారు, వాడు బుద్ధిగా విన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎందుకో అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

నేనూ పుర్రచేతిదాన్నే. ఆడపిల్ల ఎడమ చేత్తో అన్నం తింటే పెళ్ళివారు ఏమనుకుంటారోనని మా నాయనమ్మ, కంచం ముందు కూర్చోగానే పాత చీర పేలికతో నా ఎడమ చేతిని నడుముకి కట్టేసేది. ఆవిడకి నేనంటే ప్రాణం, ఆ ముడి కూడా ప్రేమగానే వేసేది. ఆవిడ వస్తున్న అలికిడైతే చాలు, చెయ్యి వీపు వెనక్కి దాచేసేదాన్ని. నాలుగు దెబ్బలూ ఆ పేలికా కలిసి నన్ను దారిలో పెట్టాయి. రాత, వంట, వడ్డన, అన్నీ కుడి చేతికే వచ్చాయి. వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు మాత్రం కత్తి దానంతటదే ఎడమ చేతిలోకి మారిపోతుంది.

మా పిచర్ కూడా పుర్రచేతివాడే. ఆ ఆటలో అలాంటివాళ్ళకి గిరాకీ ఎక్కువట, ఆ మాట విన్నప్పుడు నాకు భలే గర్వంగా అనిపించింది. ఏం లాభం? వాడు విసిరిన ప్రతి మ్యాచూ పోయింది. మిగతావాళ్ళూ తక్కువ తినలేదు. గాల్లో బంతి లేస్తే ఇద్దరు పరిగెత్తుకొచ్చి, పెళ్ళి పందిట్లో వియ్యంకుల్లా మీరు ముందంటే మీరు ముందని మర్యాదలు చేసుకునేవారు, బంతి మధ్యలో పడేది. గెలిచే మ్యాచ్ కూడా ఆఖరి ఇన్నింగ్స్‌లో పువ్వుల్లో పెట్టి అవతలివాళ్ళకి అప్పగించేవారు. ఊళ్ళోవాళ్ళు అయినా మడతకుర్చీలు పట్టుకుని వచ్చి చప్పట్లు కొట్టేవారు. జూలై వచ్చేసరికి మా ఆయన కూడా ఫ్లాస్కులో టీ పోసుకుని తయారు. క్రికెట్ మనిషి, ఆస్తి పోయినట్టు అంపైర్ని తిట్టేవారు.

కుర్రాడు ఇంట్లో మాత్రం మా ఆయన చెప్పింది తు.చ. తప్పలేదు. కుడి చేత్తో తిప్పలు పడి తినేవాడు, చొక్కా మీద పప్పు చారికలు. వాడు నేర్చుకున్న మొదటి తెలుగు వాక్యం "ఆ చెయ్యి కాదు." భోజనానికి కూర్చున్నప్పుడల్లా తనకి తనే ఆ మాట చెప్పుకుని నవ్వేవాడు. ఓటమి మీద ఓటమి వచ్చాక నవ్వు మానేశాడు. ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో చెయ్యి అన్నట్టు దానికేసి చూస్తూ కూర్చునేవాడు.

సీజన్లో ఆఖరి మ్యాచ్ ఆదివారం అనగా, ముందు రోజు అసలు సంగతి చెప్పాడు. జట్టు అట్టడుగునే ఉంటుందని ఎప్పుడో తేలిపోయింది, ఇంక ఎవరికీ పోయేదేమీ లేదు, వాడికి తప్ప. ఆ మ్యాచ్ కూడా పోతే వచ్చే ఏడు కాంట్రాక్ట్ లేదని కోచ్ చెప్పేశాడట. హాలిఫాక్స్ వెళ్ళిపోయి ఇళ్ళకి కప్పులు వేసే పనిలో చేరతానన్నాడు. తన చెయ్యి తన మాట వినడం లేదన్నాడు.

ఆదివారం పొద్దున్నే మళ్ళీ చక్కెర పొంగలి చేశాను. నేను దగ్గరికి వెళ్ళేసరికి వాడు కుడి చెయ్యి పట్టాడు.

"ఆ చెయ్యి కాదు" అన్నాను.

వాడు తెల్లబోయాడు. మా ఆయన పేపరు దించారు. అప్పుడు ఇద్దరికీ కలిపి చెప్పాను, నాయనమ్మ, పేలిక, ముడి, అంతా. ఏ చేత్తో బతుకుతున్నావో ఆ చేతికి ఈ ఇంట్లో తక్కువ లేదు, దానికే పెడతాను పట్టు అన్నాను. వాడు ఎడమ చెయ్యి చాచాడు. నిండుగా పెట్టాను. ఒక్క మెతుకు కింద పడలేదు.

మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత మెల్లగా, "నువ్వు కూర తరిగేటప్పుడు చూశానోయ్. నీ అంతట నువ్వే చెప్తావని ఊరుకున్నా" అన్నారు. ఆ మాటకి నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు, కాసేపు రెండూ వచ్చాయి.

మధ్యాహ్నం మ్యాచ్. పొంగలి మహిమ అని నేననను, కాని ఆ రోజు బంతి వాడు చెప్పినచోటికే వెళ్ళింది. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కి మేం ఒక్క పరుగు ముందున్నాం. అవతల ఇద్దరు అవుట్, ఇంకొకణ్ణి అవుట్ చేస్తే మాదే. ఈలోగా వాళ్ళవాళ్ళు ఇద్దరు బేసుల మీదికి, అంటే పరుగుకి సగం దారిలోకి, చేరారు. కోచ్ మైదానంలోకి నడిచాడు. అలా వచ్చాడంటే పిచర్ని మార్చడానికే. వేసవంతా అలాంటప్పుడు మావాడు తల వంచుకుని బంతి ఇచ్చేసేవాడు.

ఆ రోజు ఇవ్వలేదు. బంతి ఉన్న ఎడమ చేతిని వీపు వెనక్కి దాచుకుని తల అడ్డంగా ఊపాడు. నేను కుర్చీ అంచుకి జరిగాను. కోచ్ కాసేపు వాడి మొహంలోకి చూసి వెనక్కి తిరిగాడు.

బ్యాటర్ మూడు బంతులు తప్పితే అవుట్. ఒకటి వదిలేశాడు, ఒకటి పక్కకి కొట్టాడు. ఆఖరి బంతికి బ్యాట్ గిరుక్కున తిరిగి గాలిని కొట్టింది. అంతే, మా ఆయన ఫ్లాస్కు ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. ఆటగాళ్ళందరూ వాడి మీద పడ్డారు. పట్టికలో అందరికన్నా కింద ఉన్న జట్టుకి ఊరు ఊరంతా లేచి నిలబడి ఈలలు వేసింది. ఓడినవాళ్ళు, మేమేమైనా కప్పు పోగొట్టుకున్నామా అన్నట్టు బిత్తరపోయి చూశారు. కోచ్ వాడి మెడ మీద చెయ్యేసి, మే నెలలో మళ్ళీ కనబడమన్నాడు.

వాడు నేరుగా మా కంచె దగ్గరికి వచ్చాడు, ఆఖరి బంతి పట్టుకుని. కంచె మీంచి నాకు అందించాడు. నా కుడి చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్ళింది. వాడు బంతి వెనక్కి లాగేసుకుని, ఒళ్ళంతా మట్టితో, పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"ఆ చెయ్యి కాదు ఆంటీ" అన్నాడు.

అంతమంది ముందు, మా ఆయన పక్కనే నిలబడి, ఎడమ చెయ్యి చాచి తీసుకున్నాను.