మామకు చదివి వినిపించిన చీటీలు

ఆ రోజు పొద్దున అమ్మ పరుపు మీద దుప్పటి పరుస్తోంది. మూడు మూలలు మడిచి పరుపు కిందికి దోపింది. నాలుగో మూల చేతిలో ఉండగా వీధి తలుపు చప్పుడైంది. పుంగనూరు నుంచి మొదటి బస్సులో వచ్చిన అత్త తమ్ముడు గడప కూడా దాటకుండా చెప్పాడు.

"వదినా, బావ పాయె. కాఫీ తాగతా తాగతా అట్నే గోడకు ఒరిగినాడు."

అమ్మ చేతిలోని మూల వదిలేసింది. అది ఆ తర్వాత చాలా రోజులు మంచం పక్కన అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

దుప్పటి మూలల్ని కవరు అతికించినట్టు మడవడం మా మదనపల్లె ఇంట్లో అందరికీ నేర్పింది ఆయనే. ఆయన మా అమ్మకు అన్న, నాకు మేనమామ. సొంత ఊరు పుంగనూరు. మెట్ట పొలాల మధ్య పుట్టి, ఇరవై ఏళ్లు దాటేదాకా చెరువు తప్ప పెద్ద నీళ్లు చూడని మనిషి, మద్రాసు హార్బరు నుంచి సింగపూరు వైపు వెళ్లే ప్రయాణికుల ఓడలో పనికి కుదిరాడు. గదులు సర్దడం, భోజనాల గదిలో వడ్డించడం ఆయన పని. ఏడాదిలో రెండు మూడు నెలలు అదే ఓడను డబ్బున్నవాళ్ల విహారయాత్రలకు తిప్పేవాళ్లు. సెలవు దొరికితే మద్రాసులో రైలెక్కి కుప్పంలో దిగి, బస్సులు మారి మా దగ్గరికి వచ్చేవాడు. వచ్చిన మర్నాడే రేకు పెట్టె తెరిచి, రబ్బరు బ్యాండు వేసిన ఒక కట్ట నా ఒళ్లో పెట్టేవాడు.

"సదువు మా. ఈ తూరి ఏమంటాండారో సూద్దాం."

అవి ప్రయాణికుల చీటీలు. కార్డంత ఉండేవి. పైన ఓడ బొమ్మ, దాని కింద ఇంగ్లీషులో, ఈ ప్రయాణం ఇంకా బాగుండాలంటే ఏం చేయాలో దయచేసి రాయండి అని ఒక వాక్యం. ఆఖరి రోజు ప్రతి మంచం మీద ఒకటి పెట్టాలి, సాయంత్రానికి ఏరి ఆఫీసులో ఇవ్వాలి. ఆఫీసువాళ్లు వాటిని లెక్కపెట్టి కట్ట కట్టి, ఓడ రేవు చేరగానే చెత్తబుట్ట పక్కన పడేసేవాళ్లు. వాటిని ఎవరూ చదవరని మామకు మొదటి ఏడాదే తెలిసిపోయింది. అప్పటి నుంచి తన గదుల కట్టను మాత్రం తీసి దాచుకునేవాడు. ఆయనకు అక్కడి పనికి సరిపడా మాట్లాడే ఇంగ్లీషు వచ్చు. దాన్ని చదవడం రాదు, తెలుగైతే చదివేవాడు.

మా నాన్న వేళాకోళం చేసేవాడు. "ఏం బావా, ఓడకు ఓనరు నువ్వేనా?"

"ఓనరుకు యాడుండాది బావా తీరిక? అందుకే మేం సదువుకోవాల."

నేను ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఇంటికి ఎవరైనా వస్తే లోపలి గదిలోకి వెళ్లి పుస్తకం పట్టుకునే పిల్లని. నేను గొంతెత్తి మాట్లాడింది బహుశా ఆ మధ్యాహ్నాల్లోనే. భోజనం అయ్యాక ఓడ ఊగకుండా చూడాలని ఒకరు రాశారు. డెక్కు మీది కుర్చీలన్నిటి మీదా తెల్లారకముందే ఎవరో తువ్వాళ్లు పరిచేస్తున్నారని ఇంకొకరు. డాల్ఫిన్లు కనిపిస్తాయని చెప్పి తీసుకొచ్చారు, నాలుగు రోజులైనా ఒక్కటీ కనిపించలేదు అని ఒకాయన రెండు గీతలు గీసి మరీ రాశాడు.

మామ చాలాసేపు ఆలోచించాడు. "దానికి మనమేం సేస్తాం మా. అవి మన మాట ఇనవు."

మిగతావాటికి ఏదో ఒకటి చేసేవాడు. సూపు చల్లారిపోతోందని రాస్తే, మరుసటి ప్రయాణం నుంచి గిన్నె మీద ఇంకో గిన్నె బోర్లించి, అన్నిటికంటే దూరంగా ఉన్న బల్లకు ముందు తీసుకెళ్లాడు. వంటల జాబితాలో అక్షరాలు కనబడటం లేదని ఒక ముసలాయన రాస్తే, నా చేత అట్టల మీద పెద్ద పెద్ద అక్షరాలతో వంటల పేర్లు రాయించుకుని వెళ్లాడు. కుర్చీల మీది తువ్వాళ్లు తీసినందుకు తిట్లు తిన్నాడు. ఆయనకు అదేమీ పట్టేది కాదు. "రాసినోడు దిగిపోయి మర్చిపోతాడు మా. సదివినోడు మర్చిపోకూడదు," అనేవాడు.

మామ చేతులకు బొల్లి. ముంజేతుల నుంచి వేళ్ల దాకా తెల్లటి మచ్చలు. మా వైపు ఆయన లేనప్పుడు ఆయన్ను ఏమని పిలిచేవాళ్లో నేను ఇక్కడ రాయను. చిన్నప్పుడు నేను బడి అట్లాసు పట్టుకుని వెళితే, ఆ మచ్చల మీద వేలు పెట్టి ఊళ్లు చూపించేవాడు. మణికట్టు దగ్గర మద్రాసు. బొటనవేలి కింద పినాంగు. చూపుడువేలి కణుపు మీద సింగపూరు. మధ్యలో ఉన్న మామూలు రంగంతా సముద్రం.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి సెలవులో వచ్చిన కట్టలో ఒక చీటీ ఉంది. నీలం సిరా, గుండ్రటి చేతిరాత, ఒక్క తప్పు లేని ఇంగ్లీషు. మా బల్లకు వడ్డించే మనిషి చేతుల నిండా తెల్ల మచ్చలున్నాయి, చూస్తూ తినబుద్ధి కావడం లేదు, ఇలాంటివాళ్లను భోజనాల గదిలోకి రానివ్వకపోతే ప్రయాణం ఇంకా హాయిగా ఉంటుంది అని రాసి ఉంది.

మామ నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ చేతులతోనే నాకు వేరుశనక్కాయలు ఒలిచి పెడుతున్నాడు.

"ఏమని రాసినారు మా?"

నేను చదివాను. మా బల్లకు వడ్డించే మనిషి చేతులు ఎంతో శుభ్రంగా ఉంటాయి, ఇలాంటివాళ్లు భోజనాల గదిలో ఉంటే ప్రయాణం ఇంకా హాయిగా ఉంటుంది. బడిలో అనువాదానికి నాకు ఎప్పుడూ మంచి మార్కులే వచ్చేవి.

"ఇంగోసారి సదువు."

ఇంకోసారి కూడా అలాగే చదివాను. మామ ఒలిచిన గింజలు నా చేతిలో పోసి, అరచేతులు పంచెకు తుడుచుకుని, ఆ చీటీ అందుకున్నాడు. అమ్మను కేకేశాడు. "సూడు మా, నా సేతుల గురించి రాసినారంట!" అమ్మ వచ్చి, చదవడం రాకపోయినా ఆ కాగితాన్ని చూసింది. మామ దాన్ని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. మిగతా చీటీలన్నీ మామూలుగా రేకు పెట్టెలోకి వెళ్లాయి.

ఆ ఏడాది భోజనాల గదికి పెద్దగా ఉన్నాయన రిటైరవుతున్నాడు. ఆ చోటుకు మామ అడగాలనుకుంటున్నాడని నాకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పేదాన్నా? పద్నాలుగేళ్ల పిల్లను సమర్థించడం నాకిప్పుడు చేతకావడం లేదు. సెలవు అయిపోయాక మామను రైలెక్కించడానికి కుప్పం దాకా వెళ్లాం. రైలు కదులుతుండగా కిటికీలోంచి జేబు తట్టి చూపించి నవ్వాడు.

తర్వాత జరిగింది నాకు చాలా ఏళ్లకు అత్త చెప్పింది. ఇంకో ప్రయాణం ముగిశాక మద్రాసులో అధికారి ముందు నిలబడి, తన పని ఎలాంటిదో ప్రయాణికులే రాశారని చెప్పి, మామ ఆ చీటీ తీసి తనే బల్ల మీద పెట్టాడు. అధికారి దాన్ని పైకే చదివాడు. మామ చేతుల వంక చూశాడు. అప్పటిదాకా ఆ చీటీని ఓడలో ఎవరూ చదవలేదు. చెత్తబుట్ట పక్క నుంచి అది మా ఇంటికి వచ్చి, నా నోటి మీదుగా ఆయన బల్ల మీదికి చేరింది. వారం తిరక్కుండా మామను భోజనాల గది నుంచీ పై గదుల నుంచీ తీసేసి, అడుగు అంతస్తులో బట్టలు ఉతికే చోట వేశారు. పదేళ్లకు పైగా మామ తెచ్చిన వందల చీటీల్లో, ఆ ఓడవాళ్లు పట్టించుకున్న సూచన ఇదొక్కటే.

తరువాతి సెలవుకు వచ్చినప్పుడు ఎప్పటిలాగే నవ్వుతూనే ఇంట్లోకి వచ్చాడు. అమ్మ మంచినీళ్లిచ్చి అడిగింది. "ఏమన్నా, నిన్ను పెద్ద సేస్తామన్నారంట కదా, అయినావా?"

"బట్టలుతికే కాడ ఏసినారు మా. మంచిదేలే. ఎండ తగల్దు."

నా వైపు చూడలేదు. చూడకుండానే రేకు పెట్టె తెరిచి కట్ట తీశాడు. పై గదుల నుంచి తీసేయకముందు ఆయన ఏరుకున్న ఆఖరి కట్ట అది. "సదువు మా," అన్నాడు.

రబ్బరు బ్యాండు తీశాను. చదవడం మొదలుపెట్టాను. స్నానానికి వేడినీళ్లు చాలడం లేదు. పొద్దున మోగించే గంట చెవులు చిల్లులు పడేలా ఉంది. నాలుగోదో అయిదోదో ఒక ముసలావిడ వణుకుతున్న అక్షరాలతో రాసింది. ఓడ ఊగి నాకు మూడు రోజులు వాంతులైతే, చేతుల మీద తెల్ల మచ్చలున్న మనిషి గది తలుపు దగ్గర కూర్చుని నిమ్మకాయ వాసన చూపించాడు, నేను కక్కింది ఎత్తిపోశాడు, నా కొడుకు కూడా అంత చేయడు, ఇలాంటివాళ్లను మీరు బాగా చూసుకోవాలి.

ఒక్క మాట మార్చకుండా చదివాను.

మామ చేయి ఎత్తాడు. "సాల్లేమ్మా. ఉండేది సదువు."

"ఉండేదే మామా."

"సరేలే."

కోపం లేదు. నాకు బాధ కలగకుండా ఉండటానికి నమ్మినట్టు తలూపాడు, అంతే. కట్టకు రబ్బరు బ్యాండు వేసి పెట్టెలో పెట్టాడు. సగం చీటీలు చదవనే లేదు. ఆ తరువాత నన్ను ఎప్పుడూ ఏదీ చదవమని అడగలేదు. ఆయన గురించి ఎవరో రాసిన నిజమైన మంచి మాట అదొక్కటే నాకు కనిపించింది. దాన్ని ఆయన నమ్మకుండా చేసింది నేను.

ఆవిరిలో ఊపిరి ఆడక మూడేళ్లకు ఓడ వదిలేశాడు. కుప్పంలో రైల్వే స్టేషను దగ్గర ఒక చిన్న లాడ్జిలో పనికి కుదిరాడు. ఆరు గదులు. ఆ లాడ్జి గుమ్మం పక్కన బల్ల మీద గీతల నోటు పుస్తకం ఒకటి దారం కట్టి పెట్టాడు. దిగినవాళ్లు వెళ్లేటప్పుడు ఏం బాగలేదో అందులో రాయాలి. రాయడం రానివాళ్లను కూర్చోబెట్టి, చెప్పించుకుని, తెలుగులో తనే రాసేవాడు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిపి మాట్లాడేవాళ్లు ఆ స్టేషనులో దిగేవాళ్లు.

ఒకసారి నేను అక్కడ ఉండగానే శాంతిపురం నుంచి బెంగళూరుకు పనికి వెళ్లే ఒకాయన విసుక్కున్నాడు. "ఏం రాయాలప్పా? నల్లులుండాయి. రాసుకో."

"ఎన్నో నంబరు రూములో?"

"నేనుండే రూములో! వాటికి నంబర్లు కూడా ఏసి పెట్టినావా?"

మామ నవ్వాడు. ఆ సాయంత్రమే మంచం పెరట్లోకి తెచ్చి, కీళ్లలో కాగుతున్న నీళ్లు పోశాడు.

అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. నా రైలుకు ఇంకా గంట టైముంది. మామ పుస్తకం నా ముందుకు జరిపి, పెన్ను ఇచ్చాడు. "నువ్వూ ఒకటి రాయి మా. నీకేం బాగలేదనిపిస్తే అది రాయి." చెప్పి, టీ తెస్తానని బయటికి వెళ్లాడు. ఆయన తిరిగి వచ్చేదాకా ఆ పేజీ నాదే. తెలుగులో రాస్తే ఆయనే చదువుకోగలడు, నేను నోరు విప్పాల్సిన పని కూడా లేదు. పద్నాలుగేళ్లప్పుడు ఏం చేశానో నాలుగు వాక్యాల్లో రాయొచ్చు. ఆ ముసలావిడ చీటీ నిజమని రాయొచ్చు. పెన్ను మూత తీసి చాలాసేపు కూర్చున్నాను. వీధిలో మామ చెప్పుల చప్పుడు వినబడగానే, నీళ్ల కుండకు మూత లేదు అని రాశాను.

మరోసారి వెళ్లేసరికి కుండ మీద మూత ఉంది. కొత్త మూత, ఇత్తడిది. మామ దాన్ని ఎత్తి చూపించాడు.

ఆ పొద్దున కబురు విని మేము పుంగనూరు చేరేటప్పటికి ఆయన్ను వీధి వరండాలో పడుకోబెట్టారు. చుట్టాల్లో పెద్దాయన ఒకరు అత్త దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు. "జనం వస్తాండారు కదమ్మా. ఆ సేతుల మీద గుడ్డన్నా కప్పండి."

అత్త అప్పటిదాకా ఏడుస్తోంది. ఏడుపు ఆపింది. "యాల కప్పాల? ఆ సేత్తో పెడితే తిన్నోళ్లే కదప్పా మీరంతా."

చేతులు అలాగే ఉంచారు. నేను పక్కన కూర్చున్నాను. పినాంగు చుట్టూ చర్మం ముడతలు పడింది. సింగపూరు చుట్టూ మచ్చ వ్యాపించి, చూపుడువేలు మొత్తం తెల్లబడింది. సముద్రం చాలా తక్కువ మిగిలింది.

దినాలైన తర్వాత అత్తను రేకు పెట్టె గురించి అడిగాను. ఆ ముసలావిడ చీటీ నాకు కావాలి. ఎందుకో నాకే తెలియదు, ఇక ఎవరికి చదివి వినిపిస్తాను?

"కాగితాలా? ఓడ ఇడిసి వచ్చిన సమ్మచ్చరమే నీళ్ల పొయ్యి కింద పెట్టేసినాడు మా. సదివే పాప పెద్దదైపాయె, ఇంక యాల అన్నాడు."

పెట్టె ఖాళీగా ఉంది. అడుగున రబ్బరు బ్యాండ్లు మాత్రం ఎండి, ముట్టుకుంటే విరిగిపోతున్నాయి.

మదనపల్లెకు తిరిగి వచ్చి ఆ దుప్పటి నాలుగో మూల నేనే మడిచాను. మా నాన్న నన్ను మా వీధి చివరి సర్కారు బడిలో వేద్దామనుకున్నాడట. ఇంట్లో ఒక్కరికైనా ఇంగ్లీషు చదవడం రావాలని పట్టుబట్టి, నా చేయి పట్టుకుని తీసుకెళ్లి కాన్వెంటులో చేర్పించింది మామే.