చిన్నాయన ఏరిన పరిగె

పొద్దున్నే చిన్నమ్మ ఫోను చేసింది. "పాపా, వచ్చేటప్పుడు రెండు శేర్ల బొరుగులు తీసుకొనిరా. మనకు కాదులే, వాటికి" అంది. అరవై దాటిన నన్ను పాపా అని పిలిచేవాళ్లు ఆదోనిలో ఇంక ఆమె ఒక్కతే. 'వాటికి' అంటే వేటికని మా ఇంట్లో ఎవరూ అడగరు. మూతపడిన మా చిన్నాయన పత్తి మిల్లులో, నిప్పంటుకుంటే ఆర్పడానికి కట్టించిన నీళ్లతొట్టి ఒకటుంది. అందులో మీసాల చేపలున్నాయి. తరతరాలుగా వంకాయను తప్ప దేన్నీ కొయ్యని కుటుంబానికి చేపలెందుకని కొత్తవాళ్లు అడుగుతారు. అది చెప్పాలంటే చిన్నాయన సంగతీ వంక సంగతీ రెండూ చెప్పాలి. బొరుగుల అంగడి తెరిచేదాకా నాకూ వేరే పని లేదు.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. పత్తి, శనక్కాయల వ్యాపారంలో జుట్టు నెరిసిన మనిషి. పత్తిని వేళ్ల మధ్య లాగి చూసి అది ఏ మండలం నేలలో పండిందో చెప్పేవాడు. తప్పు చెప్పినా అంత నమ్మకంగానే చెప్పేవాడు. మిల్లు మూసేశాక పొద్దుపోక, వంటింట్లో డబ్బాలన్నీ వరస మార్చి చిన్నమ్మ ప్రాణం తోడేస్తుంటే, డాక్టరు నడవమన్నాడు. ఎమ్మిగనూరు రోడ్డు పట్టాడు. ఊరు దాటాక ఒక వంక, వానాకాలం పారే చిన్న వాగు, వస్తుంది. ఎమ్మిగనూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేడం ఒకామె, నలుగురైదుగుర్ని వెంటేసుకొని ఆదివారాలు ఆ వంకలో చెత్త ఏరుతుండేది. ఏమి చేస్తున్నారని చిన్నాయన అడిగితే, "ఈ వంకలో పరిగె పోయింది సార్, మళ్లా తెచ్చుకోవల్ల. మీరూ రాండి" అందట. తంటా అక్కడే వచ్చింది. మావాళ్లకు పరిగె అంటే ఒకటే అర్థం. కోత అయిపోయాక చేలో రాలిన గింజలో కాయలో ఏరుకుంటారే, అది. ఆ మధ్యనే అకాలపు వాన పడి కళ్లాల్లో శనక్కాయలు కొట్టుకుపోయాయి. ఎవరో రైతు కాయలు వంకపాలయ్యాయనీ, పాపం వీళ్లంతా ఏరిపెడుతున్నారనీ అనుకొని, తరవాతి ఆదివారం చిన్నాయన గోనెసంచీ చేటా పట్టుకొని దిగాడు. "కాయలు యాడుండాయమ్మా?" అని అడిగాడు. మేడం నవ్వు ఆపుకోలేక, సీసాలో ఈదుతున్న వేలెడంత వెండిచేపను చూపించింది. "ఇదే సార్ పరిగె." తోక దగ్గర దానికి నల్లటి చుక్క ఉంది. చిన్నాయన కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూసి, "బొట్టు తప్పు సోట పెట్టుకొనిందే!" అన్నాడట. ఆ రోజు నుంచి వాళ్లకు ఆయన పరిగె పెద్దాయన అయిపోయాడు.

చేపలతో మా పరిచయం పంచాంగంలో మీనరాశి దాకానే. అలాంటిది, చిన్నాయన భోజనం దగ్గర కూడా పరిగె పురాణం మొదలుపెట్టాడు. ఎండాకాలం అవి లోతు మడుగుల్లో తలదాచుకుంటాయి. తొలకరి కొత్తనీరు రాగానే వంకకు ఎదురెక్కి, పైన గులకరాళ్లలో గుడ్లు పెట్టుకుంటాయి. మన వంకలో మడుగులు పూడిపోయాయి, ఎదురెక్కే దారికి చెత్తా సర్కారుతుమ్మా అడ్డం పడ్డాయి, ఇంక అవి ఏమి బతుకుతాయి? ఇదీ ఆయన గోడు. హమాలీలను కేకేసిన గొంతు కదా, ఆ గొంతుతోనే ఆదివారం ముఠాను పరిగెత్తించాడు. మడుగులో పూడిక తీశారు, తుమ్మ కొట్టారు, నీడ కోసం గట్టున కానుగ మొక్కలు నాటారు. నీళ్లు దూకే చోట రాళ్లను మెట్లలా పేర్చారు. నన్నూ వదల్లేదు. "పాపా, రిటైరై ఇంట్లో కూకొని ఏం జేస్తావు, రా" అని లాక్కుపోయాడు. నడుము పట్టేసిందని నేను సణిగితే, చేపలకు నడుమే లేదు, అవి సణుగుతాయా అనేవాడు. పైనున్న మడుగుల్లోంచి పరిగెలను బిందెల్లో తెచ్చి మా మడుగులో వదిలారు. ఒకసారి చిన్నాయన చిన్నమ్మ ఆవకాయ సీసాలో కూడా నాలుగు తెచ్చాడు. ఆ సీసాను ఆమె పసుపునీళ్లతో కడిగి కడిగి, చివరికి బయట పారేసింది. అయినా ఆ ఎండాకాలం పరిగెలు బతికాయి. చిన్నాయన ముఖంలో అంత సంతోషం పత్తి ధర పెరిగినప్పుడు కూడా నేను చూడలేదు.

మరుసటి ఏడాది చలికాలంలో ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. కర్నూలు తీసుకుపోయి స్టెంటు వేయించాం. ఆసుపత్రి వరండాలో కూర్చొని చిన్నమ్మ మొక్కుకుంది. ఆయన నడుచుకుంటూ ఇల్లు చేరితే, ఆయన ఇష్టపడే నీళ్లలోనే ప్రాణమున్న చేపలను వదులుతానని. ఆయన ఇల్లు చేరాడు. ఆమె ఎవరికీ చెప్పకుండా, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, జీవితంలో మొదటిసారి చేపల మార్కెట్టుకు పోయింది. చేపల్లో రకాలుంటాయని ఆమెకు తెలియదు. "బాగా పానం గట్టివి ఇయ్యప్పా" అని అడిగింది. అమ్మేవాడు మాత్రం ఏం చేస్తాడు, నీళ్లు లేకపోయినా ఎంతోసేపు బతికే మీసాల చేపలను డ్రమ్ములోంచి తీసి ఇచ్చాడు. ఎక్కడో ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి. అంత గట్టి ప్రాణం చూసి, ఆయనకు నూరేళ్లని మురిసిపోయి, వాటిని ఆటోలో తీసుకుపోయి ఆ మడుగులోనే వదిలేసి, దండం పెట్టుకొని వచ్చింది.

చిన్నాయన కాస్త తేరుకొని వంక దగ్గరకు పోయేసరికి ఎండలు ముదిరాయి. నీళ్లు తగ్గిన మడుగులో నల్లటి వీపులు దొర్లుతున్నాయి. పరిగెలు ఎక్కడో ఒకటీ అరా కనిపించాయి. మేడం ముఖం పాలిపోయింది. ఇవి దొరికినదల్లా మింగుతాయనీ, వాన పడి వంక పారిందంటే తుంగభద్ర దాకా పాకిపోతాయనీ, ఈలోపే పట్టి చంపి పూడ్చాలనీ చెప్పింది. చిన్నాయన ఇంటికి వచ్చి, ఎవడో పాపాత్ముడు వదిలాడని తిట్టిపోశాడు. "వాడు గాదు, నేనే ఇడిసినాను" అంది చిన్నమ్మ గర్వంగా. మేడం అన్నదంతా ఆయన ఆమెకు విడమరిచి చెప్పాడు. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది. సంగతి అర్థమయ్యాక ఆమె ఏడ్చింది, కానీ జంకలేదు. "మీ పానం కోసరం ఇడిసినవి. వాట్ని సంపితే మిమ్మల్ని సంపినట్టే. నేను ఒప్పుకోను" అంది. ఇటు మీసాలవి ఉంటే పరిగెలు ఉండవు, అవి పోతే ఈ ఇల్లాలికి నిద్ర ఉండదు. చిన్నాయన రోజూ ఆకాశం చూసేవాడు. రైతులంతా వాన కోసం చూస్తుంటే, ఇంకొన్నాళ్లు వద్దని కోరుకున్న మనిషి ఆదోని చుట్టుపక్కల ఆయన ఒక్కడే అయ్యుంటాడు.

దారి ఆయనకే తోచింది. పత్తి ఉన్నచోట నిప్పు భయం, అందుకని ప్రతి మిల్లులో నీళ్లతొట్టి ఉంటుంది. మా తొట్టి మనిషి లోతు, ఏ కాలవతోనూ సంబంధం లేదు. మేడం వచ్చి గోడలు చూసి, పైన వల కట్టించాకే ఒప్పుకుంది. మడుగు నీళ్లు మోటారుతో తోడి, మిగిలిన పరిగెలను బిందెల్లోకి ఎత్తి, మీసాలవాటిని ఒక్కొక్కటే పట్టారు. డాక్టరు వద్దన్నా వినకుండా చిన్నాయన పంచె ఎగ్గట్టి బురదలోకి దిగాడు. జన్మలో చేపను తాకని ఆ చేతులతో చివరిదాన్ని, అన్నిటికన్నా పెద్దదాన్ని, ఆయనే పట్టాడు. అది రెండుసార్లు జారింది. "దళారి మాదిరి జారుకుంటాంది పాపా! నా దగ్గరా నీ ఆటలు?" అని నవ్వాడు. గట్టుమీద చిన్నమ్మ నీళ్ల డ్రమ్ము మూత పట్టుకొని నిలబడింది. చేపను అందులో వేసి ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె కొంగుతో ఆయన ముఖాన పడిన బురద తుడిచింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ తొలకరికి వంక పారింది. రాతిమెట్ల మీద నీళ్లు దూకుతుంటే, మిగిలిన పరిగెలు వెండిపింజల్లా పైకి ఎగిరాయి. చిన్నాయన గొడుగు మూసేసి వానలో తడుస్తూ చూశాడు. అలాంటి తొలకరులు మరికొన్ని చూసి, ఒక శీతాకాలం నిద్రలోనే పోయాడు. కర్మలన్నీ అయ్యాక చిన్నమ్మ మిల్లుకు తీసుకుపొమ్మంది. ఆయన ప్రాణానికి బదులుగా వదిలినవి హాయిగా ఈదుతున్నాయి, ఆయన లేడు. వాటిని చూస్తే ఆమెకు ఏమనిపిస్తుందోనని నేను భయపడ్డాను. ఆమె తొట్టి గోడ పట్టుకొని లోపలికి వంగి చూసి, "ఆకలిగా ఉండాయేమో పాపా, బొరుగులు తెచ్చినావా?" అంది.

అంగడి తెరిచారు. బొరుగులు తీసుకొని, మిల్లుకు పోయే ముందు వంక దగ్గర కాసేపు ఆగాను. కానుగ నీడలో వేలెడంత చేపలు, తప్పుచోట బొట్టు పెట్టుకొని, నీటికి ఎదురుగా నిలబడి ఉన్నాయి. పిడికెడు బొరుగులు వేద్దామనుకొని మానేశాను, వాటి తిండి అవి వెతుక్కోవాలని చిన్నాయన చెప్పేవాడు. ఆ రోజు ఆయన గోనెసంచీ చేటా పట్టుకొని రావడం తప్పేమీ కాదని ఇప్పుడనిపిస్తోంది. కాలం ఎంత మొదలంటా కోసుకుపోయినా చేను పూర్తిగా ఖాళీ చెయ్యదు, వెనక వంగి ఏరుకునేవాళ్లకు కాస్త పరిగె మిగులుస్తుంది.