బిల్లు ముందా, స్టాకు ముందా

ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల దుకాణానికి చాలా ఏళ్లు లెక్కలు రాశాను. ఆ చనువుతో, దుకాణానికి సాఫ్ట్‌వేర్ మా కోడలి చేత చేయించమని యజమానికి చెప్పాను. ఇది సరిగ్గా నడిస్తే ఆయన మిగతా రెండు షాపుల పనీ ఆమెదే. నడవకపోతే ఆమెకు పనీ ఉండదు, నా మాటకు విలువా ఉండదు.

యజమాని సాఫ్ట్‌వేర్‌కి ముహూర్తం పెట్టించారు. శుక్రవారం పది ఇరవైకి మొదటి బిల్లు రావాలి. పాతదేదీ అంటకూడదని కొత్త కంప్యూటరే కొని, దానికి పసుపూ కుంకుమా పెట్టించారు.

మా కోడలు నిశ్చింతగా వచ్చింది. తన లాప్‌టాప్‌లో నెలలుగా నడుస్తోంది మరి. ప్రోగ్రాము ముక్కలను కొత్త కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కొక్కటీ తయారుచేసి కలపడం మొదలుపెట్టింది. దాన్ని బిల్డ్ అంటారట. బిల్లింగ్ ముక్కేమో స్టాక్ ముక్క ఏదని అడిగి ఆగిపోయింది. పోనీ ముందు స్టాక్ చేద్దామంటే, అది బిల్లింగ్ ఏదంది. ఆవిడొస్తేగాని నేను పందిట్లోకి రానని భీష్మించుకున్న వియ్యపురాళ్లు నయం.

"మరి నీ లాప్‌టాప్‌లో ఎలా అయిందే?"

"అందులో ఎప్పుడో చేసిన పాత స్టాక్ ముక్క ఉండిపోయింది అత్తయ్యా. బిల్లింగ్ దాన్నే వాడుకుంటోంది. నేను చూసుకోలేదు."

నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివితేగాని ఇంత చూసుకోకపోవడం అబ్బదు.

"పదిన్నర దాటితే రాహుకాలమమ్మా," అన్నారు పంతులుగారు.

"ఏంటమ్మా, మీ ప్రోగ్రాముకి ఆయన మాట వినపడట్లేదా?" అన్నారు యజమాని.

కోడలు నా చెవిలో గొణిగింది. "ఆ పాత ముక్క ఇందులో పెట్టేస్తే ఇప్పుడే నడుస్తుంది."

"పాతది పాత లెక్కే చెబుతుందే!"

"ఒక్క బిల్లే కదా అత్తయ్యా!"

ఆ ఒక్క బిల్లు ముహూర్తానికే వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. యజమాని బిల్లు కళ్లకద్దుకున్నారు. అంతటితో ఊరుకోవచ్చు కదా, చదివారు.

"పన్ను పాత రేటు పడిందేంటండీ? మేడమ్, మీ కోడలు నా కొత్త కంప్యూటర్లో పోయినేడాదిని పెట్టిందా?"

కోడలు జరిగింది చెప్పేసింది.

"పాతది తగలకూడదనేగా తల్లీ కొత్తది కొన్నది!" అని ఆయన పంతులుగారి వైపు తిరిగారు. "ఇంకో ముహూర్తం చూడండి. ఇదే ఆఖరు."

ఇంటికొచ్చి కోడలు సరుకుల వివరాలూ పన్నులూ రెండు ముక్కల్లోంచీ విడదీసి, ఎవర్నీ ఏమీ అడగని మూడో ముక్క చేసింది. ముందు అది, తర్వాత స్టాక్, ఆ తర్వాత బిల్లింగ్. ఈసారి ఒక ఖాళీ కంప్యూటర్ అరువు తెచ్చి, ముందురోజే అంతా మొదటినుంచి బిల్డ్ చేసి చూసుకుంది. తెలివి కూడా ముహూర్తం చూసుకునే వస్తుంది కాబోలు.

రెండో ముహూర్తానికి బిల్లు వచ్చింది. యజమాని ముందు చదివారు, తర్వాత కళ్లకద్దుకున్నారు. మిగతా రెండు షాపులూ ఆమెకే ఇచ్చారు, ఒక్క షరతు మీద. లాప్‌టాప్ ఇంట్లో పెట్టి రావాలి.